పొగ మానటంలో పట్టుదల పాలెంత?

ఈ శీర్షిక కింద ఇంతవరకు పాల పరీక్ష, సభ్యత్వ రిజిస్టరు, నగదు పుస్తకం, బోనసు పంపిణీ వంటి విషయాలే రాస్తూ వచ్చాను. ఈసారి వేరొక విషయం ఎత్తుకోవటానికి కారణం ఉంది. ఈ మధ్య తనిఖీకి వెళ్లిన సంఘాలలో చాలాచోట్ల ఒకే దృశ్యం కనిపించింది. ఉదయం పాల సేకరణ ముగిసింది. క్యాన్లు వరుసగా పెట్టి ఉన్నాయి. వ్యాను రావటానికి ఇంకా అరగంట వ్యవధి ఉంది. కార్యదర్శి, టెస్టరు, ఇద్దరు ముగ్గురు సభ్యులు అరుగు మీద కూర్చొని బీడీలు వెలిగించారు. వారిలో ఒకాయన నన్ను చూచి, బీడీ వెనక్కి దాచి, "మానాలని శానసార్లు చూసిన సార్, మనసు గట్టిగ లేదు" అన్నాడు.

ఆ మాట నేనూ ఇరవై ఏడేళ్లు అన్నాను. అది సగమే నిజమని చాలా ఆలస్యంగా తెలిసింది. మిగతా సగం గురించి సభ్య సంఘాల వారికి మనవి చేయటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను ఉండేది హైదరాబాదు పాతబస్తీలో, షాలిబండ దగ్గర. పొగ తాగేవారికి ఆ ప్రాంతంలో ఏ లోటూ లేదు. ఇరానీ హోటలులో చాయ్ తాగి బయటికి రాగానే పాన్ డబ్బా ఉంటుంది. దాని పక్కన గుంజకు కొబ్బరి తాడు వేలాడుతూ ఉండేది, దాని కొసన పొద్దున అంటించిన నిప్పు రాత్రిదాకా ఆరేది కాదు. అగ్గిపెట్టె ఖర్చు కూడా లేదు. 1930లో ఈ నగరంలోనే స్థాపితమైన వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ చార్మినార్ పేరుతో, ఆ బొమ్మతో సిగరెట్లు అమ్మింది. 1591 నాటి ఆ కట్టడాన్ని కంటితో చూడని పల్లెవాసులు కూడా దాని బొమ్మను పెట్టె మీద చూచినవారే. ఆ మాటకు వస్తే పొగాకు మన దక్కనుకు కొత్త కాదు. అక్బరు పాదుషా దూతగా వచ్చిన అసద్ బేగ్ దానిని బీజాపూరులో చూచి ఆగ్రా దర్బారుకు తీసుకువెళ్లాడు. పాదుషా ఒక దమ్ము లాగి చూడబోతే హకీములు వద్దని అడ్డుపడ్డారు. ఆయన కుమారుడు జహంగీరు 1617లో పొగాకును నిషేధించాడు. ఆ నిషేధం ఎంతకాలం నిలిచిందో మన చేతిలో ఉన్న బీడీయే చెబుతుంది.

నేను 1990లో సహకార డిప్లొమా చదువుతుండగా మొదలుపెట్టాను. రోజుకు పది, పన్నెండు. ఆడిటు రోజుల్లో లెక్క ఉండేది కాదు. మానటానికి చేసిన ప్రయత్నాలు ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. ఒకసారి మా ఇంటావిడ ముందు ఒట్టు వేశాను, నాలుగు రోజులు నిలిచింది. మూడేళ్లు వరుసగా అయ్యప్ప మాల వేసుకున్నాను. ఆ నలభై ఒక్క రోజులూ పొగ ముట్టలేదు, పెద్దగా బాధ కూడా పడలేదు. అయితే మూడేళ్లూ శబరిమల నుంచి తిరిగి వచ్చి మాల తీసిన సాయంత్రమే మళ్లీ వెలిగించాను. ఎందుకని ఎన్నడూ ఆలోచించలేదు.

ఆలోచింపజేసినవాడు పత్తర్‌గట్టీలో కుట్టుపని చేసే మా మిత్రుడు. వయసులో నాకంటే పెద్ద, నేను భాయ్ అంటాను, ఆయన నన్ను సాబ్ అంటాడు. రోజుకు ఒక పెట్టె తాగేవాడు. 2017లో రంజాను మే నెలాఖరున మొదలై జూనులో సాగింది. తెల్లవారుజామున నాలుగింటికి సహర్ ముగిస్తే సాయంత్రం ఆరు ముప్పావు దాటేదాకా నీళ్లయినా తాగరాదు. పొగ కూడా ఉపవాసాన్ని భంగం చేస్తుంది. అంటే పద్నాలుగు గంటలకు పైన. అదే నెలలో ఆయన అన్నగారు గొంతు క్యాన్సరుతో రెడ్‌హిల్స్‌లోని ఆసుపత్రిలో ఉన్నారు. ఈయన పగలంతా అన్న మంచం పక్కన కూర్చొనేవాడు. ఒక రాత్రి చాయ్ దగ్గర కలిసినప్పుడు ఉర్దూలో ఆయన చెప్పినదానికి తెలుగు ఇది:

"భయం ఉంటే మానతారంటారు కదా సాబ్. నాకంటే భయం ఎవరికి ఉంది? అన్న గొంతు నా కళ్ల ముందు పోయింది. అయినా ఇవాళ ఇఫ్తారు కాగానే ఆసుపత్రి గేటు బయట సిగరెట్టు వెలిగించిన. మనసు గట్టిగా లేదంటారా? పొద్దున నుంచి పద్నాలుగు గంటలు ముట్టలేదు, పెద్దగా గుర్తు కూడా రాలేదు. ఆరుంబావు నుంచే ప్రాణం లాగింది. మధ్యాహ్నం లేనిది అప్పుడెట్లా వచ్చింది?"

ఆ ప్రశ్నకు ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. తరువాత చదివి తెలుసుకున్నాను. ఇజ్రాయిల్ దేశంలో పొగ తాగే అలవాటున్న విమాన సిబ్బందిని పరిశీలించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. విమానంలో పొగ తాగటానికి వీలులేదు. తాగక ఎన్ని గంటలైందన్న దానిని బట్టి కోరిక పెరగాలి కదా? అలా జరగలేదు. ప్రయాణం చిన్నదైనా పెద్దదైనా, దిగే సమయం దగ్గరపడేకొద్దీ కోరిక పెరిగింది. చిన్న ప్రయాణం చివరలో ఉన్నవారు, దూర ప్రయాణంలో అన్ని గంటలే గడిపినవారికంటే ఎక్కువ తహతహలాడారు. తలుపు మూసి ఉన్నంతసేపు మనసు అటు పోలేదు, తెరుచుకోబోతున్నదని తెలిసినప్పుడే లేచింది.

మా దర్జీ భాయ్ ఉపవాసమూ ఇంతే, నా మాల కూడా ఇంతే. నియ్యత్ చెప్పుకున్నాక, మాల మెడలో పడ్డాక, తాగాలా వద్దా అన్న చర్చ ఆ రోజుకు ముగిసిపోతుంది. చర్చ లేనిచోట పట్టుదలకు పని తక్కువ. మామూలు రోజున మానదలచినవాడు ప్రతి గంటకూ ఆ చర్చను తిరిగి తెరుస్తాడు. రోజుకు ఇరవైసార్లు వాదించి ఇరవైసార్లు గెలవాలంటే ఎవరివల్ల అవుతుంది? మనసు గట్టిగా లేకపోవటం కాదు, దానికి మోయలేనంత పని చెప్పటం మన తప్పు.

మరి నలభై ఒకటో రోజున, ఈద్ నాడు ఎందుకు తిరిగి మొదలవుతుంది? ఇక్కడే అసలు సంగతి ఉంది. మేమిద్దరమూ ఆ రోజుల్లో ఒక సుఖాన్ని త్యాగం చేస్తున్నామనుకున్నాం. త్యాగానికి గడువు ఉంటుంది. గడువు తీరాక సుఖం తిరిగి తీసుకోవచ్చు. ఆ లెక్కే తప్పని మన సంఘాల వారికి నేను వేరే చెప్పనక్కరలేదు, పాత రోజులు గుర్తు చేసుకుంటే చాలు.

సంఘం లేని కాలంలో పాల వ్యాపారి గేదె కొనటానికి అడ్వాన్సు ఇచ్చేవాడు. బాకీ తీరేదాకా పాలు అతనికే పోయాలి. కొలత అతనిది, ధర అతనిది. ఆ ధరకు దాణా కూడా గిట్టక రైతు పండుగ పూట మళ్లీ అతని గుమ్మం ఎక్కితే, నాలుగు వందలు చేతిలో పెట్టేవాడు. రైతు ఇంటికి వచ్చి "ఆపదకు ఆదుకున్నాడు" అనేవాడు. ఆ ఆపద తెచ్చినదీ అతడేనని తట్టేది కాదు. పొగ ఇచ్చే సుఖం కూడా ఇటువంటి ఆదుకోవటమే. దమ్ము లాగిన పది సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. సుమారు రెండు గంటలలో రక్తంలో దాని పాలు సగానికి పడిపోతుంది. పడేకొద్దీ చిరాకు, చేతులు ఊరకుండకపోవటం, దేనిమీదా ధ్యాస నిలవకపోవటం. అప్పుడు ఇంకొక బీడీ వెలిగిస్తే ఆ చిరాకు పోతుంది. "హాయిగా ఉంది" అంటాం. పొగ తాగని మనిషికి ఆ చిరాకే లేదు, ఆ హాయి అతనికి రోజంతా ఊరికే ఉంటుంది. మన ఊళ్లో సంఘం పెట్టిననాడు ఏ రైతయినా వ్యాపారిని త్యాగం చేశానని బాధపడ్డాడా?

ఇంగ్లండులో అలెన్ కార్ అనే ఆయన మనవలెనే లెక్కల మనిషి, అకౌంటెంటు. రోజుకు నూరు సిగరెట్ల దాకా తాగేవాడు. 1983లో మానుకొని, 1985లో దాదాపు ఈ వాదంతోనే ఒక పుస్తకం రాశాడు. పట్టుదలతో పనే లేదని ఆయన వాదన. అంతదూరం నేను పోలేను. పట్టుదలకు కూడా ఒక పాలు ఉంది, అయితే అది చిన్నది, మొదటి మూడు వారాలది. ఆ కార్ గారే 2006లో ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించాడన్నది కూడా మరువరాదు. మానిన పదేళ్లకు ఆ క్యాన్సరు ప్రమాదం తాగేవారితో పోల్చితే సుమారు సగానికి తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. గుండెజబ్బు విషయంలో ఫలితం త్వరగా కనిపిస్తుంది, అదనపు ప్రమాదం ఏడాదిలోనే దాదాపు సగమవుతుంది. కావున ఎంత ముందు మానితే అంత మేలు.

బీడీ సిగరెట్టంత చెడ్డది కాదని సంఘాలలో తరచు వింటాను. ఇది పొరపాటు. తునికాకు లోపలికి గాలి సరిగా పోనివ్వదు, అందుచేత ఆరిపోకుండా మాటిమాటికీ గట్టిగా లాగవలసి వస్తుంది, ఛాతీలోకి పోయే తారు తక్కువేమీ కాదు. నిజామాబాదు, కరీంనగరు వైపు మన సభ్యుల ఇళ్లలోనే బీడీలు చుట్టి బ్రతికే ఆడవారు ఉన్నారు. వారి కూలి మీద నాకు ఫిర్యాదు లేదు. పాడి వల్ల వారికి ఆ పని అవసరం తగ్గితే సంతోషిస్తాను.

ఇక ఆ మూడు వారాల సంగతి. మొదటి మూడు రోజులు కష్టమైనవి. నిద్ర సరిగా పట్టదు, ఆకలి పెరుగుతుంది, కోపం వస్తుంది, కొందరికి మలబద్ధకం ఉంటుంది. నేను రెండో రోజున ఒక గుమాస్తా మీద అకారణంగా కేకలు వేసి, తరువాత క్షమాపణ చెప్పుకున్నాను. ఇంట్లో వారికి ముందే చెప్పి ఉంచటం మంచిది. కోరిక వచ్చినప్పుడు కొద్ది నిమిషాలే ఉంటుంది, తీర్చకపోయినా పోతుంది. నేను గడియారం పెట్టి చూచాను, నాకు నాలుగు నిమిషాలు దాటలేదు. దానితో వాదించవద్దు. వాదిస్తే చర్చ తిరిగి తెరిచినట్లే. "పాత వ్యాపారి కబురు పంపాడు" అనుకొని వేరే పనిలోకి పోవాలి. "రోజుకు ఒకటి చాలు" అనే బేరం అసలు పనికిరాదు, అది రోజంతా ఇఫ్తారు కోసం కాచుకున్నట్లు ఉంటుంది.

వ్యాను కోసం ఎదురుచూసే ఆ అరగంటకు మాత్రం వేరే ఏర్పాటు కావాలి. చేతికి పని లేకపోతే చేయి జేబులోకే పోతుంది. ఒక సంఘంలో కార్యదర్శి ఆ సమయాన్ని కొలత పాత్రలు కడగటానికి, ఆ పూట పట్టిక సరిచూచుకోవటానికి మార్చుకున్నాడు. పక్షం బిల్లులు ఆలస్యం కావటం కూడా ఆగిపోయింది. టెస్టర్లకు ఇంకొక మాట. క్యాను మూత తీయగానే వాసన చూడటం మన మొదటి పరీక్ష. పొగ తాగేవారి ముక్కు మొద్దుబారి ఉంటుంది. మానిన నెలలోపే, విరగబోతున్న పాలను కాచి చూడకముందే పసిగట్టగలిగాను. అంతకుముందు ఎన్ని క్యాన్లు నా ముక్కు దాటిపోయాయో చెప్పలేను.

ఒకసారి జారితే అంతా పోయిందనుకోరాదు. నేను మానిన అయిదో నెలలో, ఒక సర్వసభ్య సమావేశం గొడవలో ముగిశాక, ఎవరో ఇస్తే ఒకటి తాగాను. ఏ సుఖమూ లేదు, తల తిరిగింది. మరునాడు తాగలేదు. అన్ని ప్రయత్నాలు చేసినా నిలవనివారు సిగ్గుపడక వైద్యుని అడగాలి, నికోటిన్ బిళ్లలు, చూయింగ్ గమ్ము, వేరే మందులూ ఉన్నాయి.

మా దర్జీ భాయ్ ఆ ఏడాది ఈద్ నాడు వెలిగించలేదు. ఆయన అన్నగారు ఆ చలికాలంలోనే పోయారు. నలభైయవ రోజు ఫాతిహాకు వెళ్లినప్పుడు, ఈసారి నియ్యత్‌కు తేదీ పెట్టలేదని నాతో అన్నాడు. ఇప్పటికీ ఇద్దరం అదే హోటలులో చాయ్ తాగుతాం.

సంఘాల వారికి రెండు విషయాలు. 2008 అక్టోబరు 2 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం పని స్థలాలలో పొగ తాగటం నేరం, సంఘం కార్యాలయం, పాల సేకరణ గది దీనికి మినహాయింపు కాదు. రెండవది, పొగాకు మానదలచినవారికి ఫోనులో సలహా ఇచ్చే ప్రభుత్వ ఉచిత సేవ 2016 నుంచి ఉంది, దాని నంబరు 1800-11-2356. దీనిని నోటీసు బోర్డు మీద, పాల ధర పట్టిక పక్కన, పెద్ద అక్షరాలతో రాయించగలరు. వచ్చే తనిఖీలో చూస్తాను.