మందు మార్చే ముందు

మా యాదగిరిగుట్ట స్వామిని వైద్య నరసింహుడంటారు. జబ్బుపడినవాళ్లు మండలం రోజులు, అనగా 40 రోజులు, గుట్టమీద ఉండి ప్రదక్షిణలు చేసే ఆచారం నేను చిన్ననాటినుంచీ చూస్తున్నదే. 2019లో అట్లా వచ్చి ఉన్న మా దూరపు బంధువొకాయన హెచ్.ఐ.వి. మందులు వాడుతున్న మనిషి. చూడ్డానికి ఆరోగ్యంగానే ఉన్నాడు. కాని తిరిగి వెళ్లాక చేసిన వైరల్ లోడ్ పరీక్షలో మిల్లీలీటరుకు 1000 దాటి తేలింది. "మందు పనిజేస్తలేదు బిడ్డా, మార్చుమని నువ్వన్న చెప్పు" అని నాకు ఫోను.

జీవశాస్త్రం చదివిన నాకూ మొదట అదే తోచింది. తొందరపడ్డాను.

మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచితంగా ఈ మందులివ్వసాగింది. అప్పట్లో వైరల్ లోడ్ పరీక్ష ఖరీదు. బరువు, సిడి4 కణాల లెక్క చూసి సరిపెట్టుకునేవారు. చిక్కేమిటంటే, వైరస్ ముందు పెరుగుతుంది, సిడి4 ఎన్నో నెలలకు గాని తగ్గదు. ఈలోగా మందుకు లొంగని వైరస్ బలపడుతుంది. నెవిరపిన్, ఎఫవిరెంజ్‌లను ఓడించడానికి దానికి ఒక్క జన్యుమార్పు చాలు! అందుకే 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైరల్ లోడ్ పరీక్షనే మేలన్నది. మన దగ్గర అది 2018 నుంచి అందరికీ చేయసాగారు.

దుష్ఫలితాలవల్ల మార్చడం వేరు సంగతి. స్టావుడిన్‌తో అరికాళ్లు తిమ్మిరెక్కి మండేవి, బుగ్గలు పీక్కుపోయేవి. జిడోవుడిన్ కొందరికి రక్తం తగ్గిస్తుంది. వైరస్ అదుపులో ఉంటే ఆ ఒక్క మందును మారిస్తే చాలు.

లెక్క 1000 దాటితే మాత్రం మొదటి ప్రశ్న, మాత్రలు కడుపులోకి పోయినయా అని. రోగితో కూర్చుని మాట్లాడి, మూడు నెలలు సక్రమంగా మింగించి, మళ్లీ పరీక్షిస్తారు. అప్పుడూ దిగకపోతేనే రెండో వరుస మందులు. పిసినారితనమనుకోకండి. ఆ వరుస దాటితే మిగిలేవి కొన్నే.

మావాణ్ణి కౌన్సెలరమ్మ అడిగితే అసలు సంగతి బయటపడ్డది. సత్రం గదిలో చుట్టాలు పదిమంది. డబ్బా సంచి అడుగున దాచి, ఎవరూ లేనప్పుడే మింగాడట. "చూస్తే అడుగుతరు గద మేడమ్." ఆమె కోప్పడలేదు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పమన్నది. భార్యకు చెప్పాడు, ఆమెకూ పరీక్ష చేయించారు, లేదని వచ్చింది. అప్పట్నుంచి రాత్రి మాత్ర ఆమే గుర్తుచేసింది.

మూడు నెలల తర్వాత పరీక్షలో వైరస్ కనబడలేదు. మందు మార్చలేదు. తరువాతి సంవత్సరాల్లో కార్యక్రమమే డాల్యుటెగ్రవిర్‌కు మారినప్పుడు, అందరితోపాటు ఆయనదీ మారింది.