కొర్రమీనుకు తవుడు ఒంటబట్టదు – కడుపు తెలిసి మేత వేయండి

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాదులో కొర్రమీనుకు ఎక్కడలేని గిరాకీ. పాతబస్తీలోని దూద్‌బౌలిలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప మందు కోసం వేలాదిగా జనం వచ్చేవారు. తర్వాత ఆ పంపిణీ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. మందును బతికున్న చిన్న కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి మింగిస్తారు. మందు గుణం శాస్త్రీయంగా రుజువు కాలేదు గానీ, ఆ రోజున చేప కూర తినే ఆనవాయితీ మాత్రం ఇంటింటా ఉంది.

ఈ ధర చూసి కొందరు రైతులు చిన్న కుంటల్లో కొర్రమీను వేస్తున్నారు. శీలావతి, బొచ్చెలకు వేసినట్టే తవుడు, వేరుశనగ చెక్క వేస్తారు. మూడు నెలలైనా చేప ఎదగదు, పైగా లెక్క తగ్గుతుంది. చాలాసార్లు తప్పు నీటిది కాదు, మేతది.

కప్ప నేర్పే పాఠం

వానాకాలం కుంటలో తోకకప్పను చూడండి. పాచి గీకి తింటుంది. దాని పేగు పొడవుగా చుట్టలు చుట్టుకొని ఉంటుంది. కాళ్లొచ్చి కప్ప అయ్యేసరికి పేగు పొట్టిదవుతుంది, జఠరంలో ఆమ్లం, పెప్సిన్ ఊరుతాయి. ఇక దాని తిండి పురుగులే. తిండిని బట్టి జీర్ణరసాలు అన్నమాట. (కప్పలను పట్టి చేపలకు వేయకండి. అవి పంట పురుగులను తినే మిత్రులు. కప్ప కాళ్ల ఎగుమతిని కూడా మన దేశం 1987లో నిషేధించింది.)

కొర్రమీను కడుపులో

శీలావతికి జఠరమే లేదు, పొడవాటి పేగు ఉంది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ దానికి బాగా ఊరుతుంది. కొర్రమీను వేటాడే చేప. దానికి జఠరం ఉంది, పేగు పొట్టిది. మాంసకృత్తులను జఠరంలో పెప్సిన్, పేగులో ట్రిప్సిన్ విడగొడతాయి. కొవ్వును లైపేజ్ చూసుకుంటుంది. అమైలేజ్ మాత్రం తక్కువ. అందుకే తవుడు సరిగా ఒంటబట్టదు. ఆకలికి పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. లెక్క తగ్గేది అందుకే.

రైతు చేయవలసినవి

1. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు జఠరం ఇంకా తయారై ఉండదు. మొదటి వారాల్లో నీటిలోని సూక్ష్మ పురుగులే దానికి ఆహారం. పొడి మేతకు ఒక్కసారిగా మార్చవద్దు, కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయాలి.

2. మేతలో మాంసకృత్తులు 40 శాతానికి తగ్గకూడదు. చేప పొడి ముఖ్యం.

3. సోయా వాడితే వేయించిగానీ ఉడికించిగానీ వేయాలి. పచ్చి సోయాలో ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం ఉంటుంది. వేడికి అది చాలావరకు పోతుంది.

4. కోడి వ్యర్థాలు పచ్చివి వేయవద్దు. నీరు చెడుతుంది, రోగం వస్తుంది.

5. చలికాలంలో జీర్ణరసాల పని మందగిస్తుంది. మేత తగ్గించండి. మిగిలిన మేత కుళ్లితే ఖర్చుతోపాటు నీరూ పోతుంది.

6. పిల్లలను సైజువారీగా వేరుచేస్తూ ఉండండి.

చెరువు నింపే ముందే మేత ఖర్చు లెక్క వేసుకోండి. మంచి మేత కొనే స్తోమత లేకపోతే శీలావతి, బొచ్చెలే మేలు. మరిన్ని వివరాలకు మీ జిల్లా మత్స్యశాఖ అధికారిని అడగండి.