మంచు రోడ్డు మీద ముందు టైరు, తర్వాతే మోటారు

టెక్సస్ నుంచో కాలిఫోర్నియా నుంచో ఉద్యోగం మారి మిషిగన్, మిన్నెసోటా, టొరంటో వైపు వచ్చే మన తెలుగువాళ్ల వెంట ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లు కూడా వస్తున్నాయి. అందులోనూ కొందరివి మోడల్ 3 పర్ఫార్మెన్స్, ఐయానిక్ 5 ఎన్, ఈవీ6 జీటీ, ఐ4 ఎం50 లాంటి వేగం కోసమే తయారైన బళ్లు. ట్రాయ్‌లోనో నోవైలోనో ఇల్లు దొరికి, ఆఫీసుకు వారానికి మూడు రోజులు రమ్మన్నాక, నవంబరు దగ్గరపడుతుంటే వీళ్లు అడిగేది ఒకటే. "రెండు మోటార్లున్నాయి, నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది, మళ్లీ వింటర్ టైర్లెందుకండీ?"

నాలుగు చక్రాలకు పవర్ వెళ్లడం బండి కదలడానికి పనికొస్తుంది. బండి ఆగాలన్నా, మలుపులో రోడ్డు మీదే నిలవాలన్నా మోటార్ల లెక్కతో పని లేదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. రోడ్డును పట్టుకునేది మాత్రం అరచేతి వెడల్పున ఆనే ఆ నాలుగు రబ్బరు ముక్కలే. ఆల్ వీల్ డ్రైవ్ ఎలక్ట్రిక్ కారుతో ఇంకో ప్రమాదం ఉంది. దాని ట్రాక్షన్ కంట్రోల్ ఎంత చురుగ్గా పనిచేస్తుందంటే, సిగ్నల్ దగ్గర మంచు మీద కూడా జారకుండా బయల్దేరుతుంది. రోడ్డు బాగానే ఉందనిపిస్తుంది. ఎంత జారుడుగా ఉందో తర్వాతి సిగ్నల్ దగ్గర, బ్రేకు మీద కాలు పెట్టాక తెలుస్తుంది.

లెక్క చూడండి. గంటకు 30 మైళ్ల వేగంలో ఉన్న కారు మంచి టైర్లతో పొడి రోడ్డు మీద బ్రేకు పడ్డాక సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. గట్టిపడిన మంచు మీద దాదాపు 30 మీటర్లు కావాలి. నున్నటి గడ్డ మంచు మీద 90 మీటర్లు దాటినా ఆశ్చర్యం లేదు. వేగం రెట్టింపైతే ఈ దూరం నాలుగు రెట్లవుతుంది. ఆరువందల గుర్రాల శక్తి ఉన్నా ఈ లెక్క మారదు. దాన్ని కొంతైనా మార్చగలిగేవి రెండే, మీ టైరూ మీ వేగమూ.

వేగం కోసం చేసిన కార్లకు ఈ బెడద ఎక్కువ, ఎందుకంటే చాలావాటికి ఫ్యాక్టరీలోనే వేసవి టైర్లు బిగిస్తారు. మోడల్ 3 పర్ఫార్మెన్స్‌కు 20 అంగుళాల చక్రాల మీద పిరెలీ పీ జీరో, ఐయానిక్ 5 ఎన్‌కు 21 అంగుళాల మీద అదే పీ జీరో, ఈవీ6 జీటీకి 21 అంగుళాల మీద మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్. వేడి రోడ్డు మీద వీటి పట్టుకు సాటి లేదు. కానీ ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్, అంటే 45 ఫారెన్‌హీట్ కిందికి వచ్చేసరికి, చలికి సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టు ఆ రబ్బరు బిగుసుకుపోతుంది. మంచు పడనక్కర్లేదు, పొడి రోడ్డు మీదే పట్టు తగ్గుతుంది. ఇంకా తీవ్రమైన చలిలో బండి కదిపితే రబ్బరు పగుళ్లివ్వొచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు. డెట్రాయిట్‌లో జనవరి మధ్యాహ్నం కూడా సున్నా డిగ్రీల చుట్టూనే తిరుగుతుంది. అక్కడ వేసవి టైర్లతో ఆఫీసుకు వెళ్లడమంటే చలికాలమంతా గట్టి ప్లాస్టిక్ మీద నడపడమే. కారు కొత్తదనీ, టైర్లకు అరుగుదల లేదనీ ధైర్యపడకండి.

ముందు కిందికి వెళ్లి టైరు పక్కగోడ మీద ఏముందో చూడండి. 'ఎం ప్లస్ ఎస్' అని ఉంటే, అది ట్రెడ్ ఆకారం గురించి తయారీదారు చెప్పుకునే మాట మాత్రమే, దాని వెనక మంచు పరీక్ష ఏదీ లేదు. మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పువ్వు ఉన్న గుర్తు కోసం వెతకండి. ఆ గుర్తుంటే మంచులో ఒక ప్రామాణిక టైరుతో పోల్చి పరీక్షించారని అర్థం. అయితే ఆ పరీక్ష ప్రధానంగా మంచులో ముందుకు లాగే శక్తిని కొలుస్తుంది. గడ్డ మంచు మీద ఎంత దూరంలో ఆగుతుందన్నది అందులో ఉండదు. కాబట్టి ఆ గుర్తున్న టైర్లన్నీ ఒకటే అనుకోకూడదు.

ఆ గుర్తు ఉన్నవాటిలో మూడు రకాలు కనిపిస్తాయి. ఏడాదంతా ఉంచుకునే ఆల్ వెదర్ టైర్లు ఒకటి, మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2 లాంటివి. యూరప్ హైవేలను దృష్టిలో పెట్టుకుని చేసిన స్పోర్టీ వింటర్ టైర్లు రెండోవి, పైలట్ ఆల్పిన్ 5, పిరెలీ సొట్టోజీరో లాంటివి. మలుపుల్లో బిగువుగా ఉంటాయి, తడి రోడ్డు మీదా చలిలో పొడి రోడ్డు మీదా చాలా బాగుంటాయి. మూడోవి ఉత్తరాది గడ్డ మంచు కోసం మెత్తటి రబ్బరుతో చేసినవి: నోకియన్ హక్కపెలీట్టా ఆర్5, మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో, బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, కాంటినెంటల్ వైకింగ్ కాంటాక్ట్. ఫిన్లండ్‌కు చెందిన నోకియన్ 1934లోనే వింటర్ టైరు తయారుచేసింది. ఆ అనుభవం దాని టైర్లలో కనబడుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మిన్నియాపోలిస్, బఫెలో, గ్రాండ్ రాపిడ్స్, ఒట్టావా లాంటి చోట్ల ఉంటే మూడోరకం తీసుకోండి, వేరే ఆలోచన వద్దు. స్టీరింగ్ కాస్త మెత్తగా అనిపిస్తుంది, స్పోర్ట్స్ కారు బిగువు కొంత పోతుంది, పోనివ్వండి. డెట్రాయిట్ శివార్లలో, టొరంటో చుట్టుపక్కల రోడ్లను త్వరగానే శుభ్రం చేస్తారు, కానీ తెల్లవారుజామున కాలనీ వీధుల్లో గడ్డ మంచే ఉంటుంది. అక్కడా నా ఓటు మూడోరకానికే. న్యూజెర్సీ, కొలంబస్ ప్రాంతాల్లో ఉండి, మంచు పడ్డ రోజు ఇంటి నుంచి పని చేసే వీలుంటే ఆల్ వెదర్ టైర్లతో నెట్టుకురావచ్చు. స్పోర్టీ వింటర్ టైర్లు రోజూ హైవే మీద దూరాలు పోయేవారికి, మంచు తక్కువగా పడేచోట సరిపోతాయి. ఇనుప మేకులున్న స్టడ్ టైర్ల ఆలోచన మానుకోండి. మిన్నెసోటాలో అక్కడి నివాసులకూ, దక్షిణ ఒంటారియోలోనూ వాటికి అనుమతి లేదు.

ఏ రకమైనా నాలుగూ ఒకేసారి మార్చాలి. డబ్బు మిగులుతుందని రెండే వేస్తే, పట్టున్న చక్రాలకీ లేని చక్రాలకీ పొంతన కుదరక బ్రేకు వేసినప్పుడు బండి గిర్రున తిరుగుతుంది.

చక్రం సైజు దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. అందం కోసం 20, 21 అంగుళాల చక్రాల మీదే వింటర్ టైర్లు వేయించుకుంటారు. కారు కంపెనీ అనుమతించిన అతి చిన్న చక్రానికి దిగడం మేలు, 18 గానీ 19 గానీ. టైరు మొత్తం ఎత్తు మారకూడదు కాబట్టి చక్రం చిన్నదైతే టైరు పక్కగోడ ఎత్తవుతుంది. మిషిగన్‌లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీరు గడ్డకట్టి కరిగి రోడ్లు గుంతలు పడతాయి. పలచటి పక్కగోడ ఉన్న టైరు ఆ గుంతలో దిగితే టైరు చిరుగుతుంది, రిమ్ము వంగుతుంది. ఈ కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదన్నది గుర్తుంచుకోండి. ఉదయం తొమ్మిది గంటల మీటింగుకు బయల్దేరి ఐ-696 పక్కన టో ట్రక్కు కోసం చూస్తూ నిలబడాల్సి వస్తుంది. చిన్న సైజులో టైరు ధర తక్కువ, రకాలూ ఎక్కువ దొరుకుతాయి. ఒకే చిక్కు ఏమిటంటే, పర్ఫార్మెన్స్ కార్ల బ్రేకులు పెద్దవి, అన్ని 18 అంగుళాల చక్రాలూ వాటి మీద కూర్చోవు. కొనేముందు మీ కారు మోడలు, సంవత్సరం చెప్పి సరిపోతుందని షాపువాళ్ల చేత రాయించుకోండి. 2024 నుంచి వచ్చిన మోడల్ 3 పర్ఫార్మెన్స్‌లో ముందు 235, వెనక 275 వెడల్పు టైర్లుంటాయి, వాటిని ముందువెనకలు మార్చుకోలేరు. చలికాలానికి నాలుగూ ఒకే వెడల్పులో ఉన్న సెట్టును కంపెనీ ఒప్పుకుంటే అదే తీసుకోండి.

విడి రిమ్ముల మీద రెండో సెట్టు కొనడం మొదట్లో భారంగా అనిపిస్తుంది. కానీ ఏటా రెండుసార్లు రిమ్ము నుంచి టైరు ఊడదీసి బిగించే ఖర్చు తప్పుతుంది. చలికాలంలో వేసవి టైర్లు అరగవు, వేసవిలో వింటర్ టైర్లు అరగవు, రెండూ ఎక్కువ కాలం వస్తాయి. ఒంటారియోలో ఉన్నవారికి ఇంకో లాభం ఉంది. 2016 నుంచి అక్కడి బీమా కంపెనీలు వింటర్ టైర్లకు తగ్గింపు ఇచ్చితీరాలి, అడిగి తీసుకోండి. క్యూబెక్‌లో రిజిస్టరైన కార్లకైతే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టం ప్రకారమే తప్పనిసరి.

బ్యాటరీ వల్ల ఈ కార్లు బరువైనవి. ఐయానిక్ 5 ఎన్ దాదాపు 2,200 కిలోలు తూగుతుంది. అందుకే టైరు మీద రాసిన లోడ్ సూచిక, కారు కంపెనీ చెప్పినదానికన్నా తగ్గకూడదు. చౌకగా వస్తుందని తక్కువ లోడ్ టైరు వేసుకోవద్దు. గాలి సంగతి మరచిపోకండి. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు పడినప్పుడల్లా టైరులో దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. అక్టోబరులో సరిచూసిన గాలి జనవరికి చాలదు. ఉదయాన్నే, బండి కదలకముందు చూసుకుని కొట్టించండి. టైరు మార్చేవాళ్లు జాక్ ఎక్కడ పెడుతున్నారో కూడా దగ్గరుండి చూడండి. కారు కింద కేటాయించిన చోట కాకుండా వేరేచోట పెడితే దెబ్బ తగిలేది బ్యాటరీకి.

ఇక నడపడం. ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మోటారే బండిని నెమ్మది చేసి, ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. దీన్నే రీజెన్ అంటారు. పొడి రోడ్డు మీద ఇది హాయి. గడ్డ మంచు మీద ఒక్కసారిగా కాలు పూర్తిగా తీసేస్తే బ్రేకు తొక్కినంత పనవుతుంది, ముఖ్యంగా వెనక చక్రాల డ్రైవ్ కార్లలో తోక జారుతుంది. రీజెన్ స్థాయి తగ్గించే వీలు ఉంటే తగ్గించుకోండి, స్నో మోడ్ ఉంటే పెట్టుకోండి, స్పోర్ట్ మోడ్‌ను ఏప్రిల్ దాకా మరచిపోండి. ఇంకో సూక్ష్మం: చల్లటి బ్యాటరీ ఛార్జిని సరిగ్గా తీసుకోలేదు, అందుకని బయల్దేరిన మొదటి మైళ్లలో రీజెన్ బలహీనంగా ఉంటుంది. వేడెక్కిన కొద్దీ బలపడుతుంది. అంటే ఇంటి దగ్గర కాలు తీస్తే బండి సాగిపోతుంది, ఆఫీసు దగ్గర అదే కాలు తీస్తే గట్టిగా ఆగుతుంది. ఆ తేడాను మామూలు బ్రేకులతో తనే పూడ్చే సెట్టింగు మీ కారులో ఉంటే ఆన్ చేసి పెట్టుకోండి. కెమెరాల మీద మంచు పేరుకున్నప్పుడు, లేన్ గీతలు కనబడనప్పుడు ఆటోమేటిక్ సాయాల మీద ఆధారపడవద్దు.

బండిని ప్లగ్ పెట్టే ఉంచి, బయల్దేరే అరగంట ముందు ఫోన్లోంచి వేడి చేయండి. బ్యాటరీకీ క్యాబిన్‌కూ కావలసిన వేడి ఇంటి కరెంటు నుంచి వస్తుంది, అద్దాల మీద మంచు కరుగుతుంది, రీజెన్ ముందే అందుతుంది. వాహనదారుల సంస్థ ఏఏఏ 2019లో చేసిన పరీక్షలో 20 ఫారెన్‌హీట్ దగ్గర హీటరు వేస్తే కార్ల రేంజి సగటున 41 శాతం పడిపోయింది. హీట్ పంపు ఉన్న కొత్త కార్లు కొంత మెరుగు, అయినా చలికాలం ప్రయాణానికి మూడోవంతు వదిలేసి లెక్క వేసుకోండి. అపార్ట్‌మెంట్‌లో ఉండి మామూలు 120 వోల్టుల ప్లగ్గుతో నెట్టుకొచ్చేవారికి తీవ్రమైన చలిలో వచ్చే కరెంటులో చాలా భాగం బ్యాటరీని వెచ్చగా ఉంచడానికే పోతుంది. 2024 జనవరి చలిలో చికాగో శివార్ల ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర కార్లు గంటల తరబడి బారులు తీరాయి. చల్లబడిన బ్యాటరీ వేగంగా ఛార్జి కాకపోవడం అందుకు ఒక కారణం. ఛార్జి తక్కువుంచుకుని స్టేషన్ మీద ఆధారపడే అలవాటు డిసెంబరు నుంచి మానేయండి. ఆఫీసులో ఛార్జర్ ఉంటే వారానికి ఏ రోజులు మీవో ఇప్పుడే మాట్లాడుకోండి.

రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల ఈ కార్ల బ్రేకులకు ప్రత్యేకమైన బాధ ఉంది. రీజెన్ వల్ల బ్రేకులు ఎక్కువగా వాడరు, వాడనివి తుప్పుపట్టి బిగుసుకుంటాయి. ఏడాదికోసారి కాలిపర్లు శుభ్రం చేయించి గ్రీజు పెట్టించండి.

చివరిగా, అన్ని టైర్లూ సరిగ్గా ఉన్నా వెళ్లకూడని రోజులుంటాయి. 2015 జనవరి 9న మిషిగన్‌లోని కలమజూ దగ్గర ఐ-94 మీద మంచుతెరలో 190కి పైగా వాహనాలు గుద్దుకున్నాయి. సరస్సుల మీదుగా వచ్చే మంచు పది నిమిషాల్లో దారిని మింగేస్తుంది. డిక్కీలో దుప్పటి, చేతి తొడుగులు, చిన్న పార, తినడానికేమైనా ఉంచండి. చిక్కుకుపోతే ఎలక్ట్రిక్ కారులో పొగ విషం భయం లేదు, సీటు హీటరు తక్కువ కరెంటుతో చాలాసేపు కాపాడుతుంది, ఛార్జి ఉంటేనే సుమా.

కొత్తగా చేరినవారు, వీసా మీద ఉన్నవారు తుఫాను హెచ్చరిక వచ్చినా "రాలేను" అని చెప్పడానికి జంకుతారు. జంకకండి, ముందురోజు సాయంత్రమే మేనేజరుకు ఒక మెసేజి పెట్టండి. మీలో మేనేజర్లుగా ఉన్న తెలుగువాళ్లకు ఒక విన్నపం: ఆ మెసేజి కోసం ఎదురు చూడకుండా, రేపు అందరూ ఇంటి నుంచే పని చేయండని మీరే మీ టీముకు ముందుగా చెప్పండి.