దక్కను చలిలో లక్కతాళం

ప్రకృతి తన సంపదను అన్ని నేలలకూ ఒకే తీరున పంచిపెట్టలేదు. ఒక్కొక్క వృక్షానికి ఒక్కొక్క పుట్టిల్లు ఉన్నది. అక్కడి మొక్కను దూరదేశానికి తెచ్చి తన పెరటిలో బ్రతికించుకోవాలనే కోరిక మానవునికి ప్రాచీన కాలం నుండి కలదు. అయితే ఆ కోరిక నెరవేరడానికి మక్కువ ఒక్కటే చాలదు. ఆ మొక్క శరీరధర్మం తెలిసి ఉండాలి. ఈ సంగతిని లక్కతాళమనే అరుదైన చెట్టు ఉదాహరణతో వివరించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

పుట్టిల్లు

తాటి, ఈత, కొబ్బరి, పోక చెట్లు చేరిన తాళకుటుంబానికి చెందినదే ఈ చెట్టు. దీని శాస్త్రనామం సిర్టోస్టాకిస్ రెండా. 1838లో బ్లూమ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టాడు. ఇందులోని మొదటి పదానికి గ్రీకులో ‘వంగిన వెన్ను’ అని అర్థం. మలయా ద్వీపకల్పం, సుమత్రా, బోర్నియోలలోని చిత్తడి అడవులు దీని జన్మస్థానం. దీని ఆకు కాడలూ, కాండాన్ని చుట్టుకొనే ఆకు ఒరలూ పార్శిళ్లపై వేసే ముద్రలక్క వలె ఎర్రగా మెరుస్తాయి. నర్సరీలవారు దీనిని లిప్‌స్టిక్ పామ్ అంటారు. సింగపూరు వృక్షోద్యానం దీనినే తన చిహ్నంగా గ్రహించింది.

ఆ చిత్తడి నేలల్లో రాత్రివేళ సైతం ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పోదు. గాలిలో తేమ ఎప్పుడూ నిండుగా ఉంటుంది. మన హైదరాబాదు నగరమో, సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి మాసాల్లో మబ్బులేని రాత్రులు కొన్ని 10 డిగ్రీల దరిదాపులకు దిగుతాయి. మనకది హాయిగొలిపే చలి, లక్కతాళానికి ప్రాణగండం.

ఒక్క మొవ్వు

మామిడి, వేప వంటి చెట్లకు కొమ్మ విరిగితే ప్రక్కనుండి మరొక కొమ్మ చిగురిస్తుంది. గాయమైతే బెరడు క్రిందనున్న కేంబియం పొర క్రమంగా దానిని మాన్పుతుంది. తాళజాతి ఏకదళబీజాలకు చెందినది. దీనికి ఆ పొర లేదు. కాండం కొననున్న మొవ్వు ఒక్కటే దాని పెరుగుదలకు ఆధారం. మొవ్వు చెడితే ఆ కాండానికి ఆయువు తీరినట్లే.

చలివలన మొక్కలో జీవక్రియలు మందగిస్తాయి. వేళ్లు నీటిని పీల్చలేవు. అప్పుడు మొవ్వులో నిలిచిన నీరు కుళ్లుకు దారి తీస్తుంది. మొవ్వు కుళ్లు మన రైతులకు క్రొత్త కాదు. గత శతాబ్ది ఆరంభంలో గోదావరి ప్రాంతపు తాటిచెట్లను ఈ తెగులు పీడించగా, ఇ. జె. బట్లర్ పరిశోధించి, దానికి కారణమైన సూక్ష్మజీవిని 1907లో వర్ణించాడు. వేడిలో తడి ఈ చెట్టుకు ప్రాణం. చలిలో అదే తడి శత్రువు. పెంపకం రహస్యమంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

పెంపకం

ఈ మొక్కను నేలలో కంటె పెద్ద తొట్టిలో పెంచడం మేలు. ఆకు ఎరువు, కొబ్బరి పొట్టు, ఇసుక కలిపిన గుల్ల మట్టి కావాలి. బోరు నీటిలో సున్నపు పాలు ఎక్కువైతే ఇనుము అందక లేత ఆకులు పసుపుబారుతాయి. కనుక వాన నీటిని నిలువ చేసుకోవడం మంచిది. వేసవిలో తొట్టి క్రింద నీటి పళ్లెం ఉంచి, వడగాలి తగలకుండా నీడపట్టున పెట్టాలి. నవంబరు రాగానే ఆ పళ్లెం తీసివేయాలి. చలికాలంలో పైమట్టి ఆరిన తరువాత మాత్రమే, అదియును ఉదయం పూట, మొవ్వుపై పడకుండా నీరు పోయాలి. రాత్రి వరండాలోనికి చేర్చాలి. అది వీలుకానిచో నాలుగు కర్రలు పాతి, ఆకులకు తగలకుండా గోనెపట్టా కప్పి, తెల్లవారగానే తొలగించాలి. ముదురాకు పూర్తిగా ఎండనిదే కోయరాదు. అందులోని పొటాషియంను మొక్క తిరిగి వాడుకొంటుంది.

నా పొరపాటు

ఇదంతా నేను నష్టపోయి నేర్చుకొన్నదే. కోస్తా నుండి తెచ్చిన నా మొక్కకు ఒక డిసెంబరులో, ప్రేమ ఎక్కువై, ప్రతి సాయంత్రం తలమీదుగా నీరు పోశాను. జనవరిలో నడిమి ఆకు గోధుమ రంగుకు తిరిగింది. మెల్లగా లాగితే చేతిలోనికి ఊడి వచ్చింది, మొదట దుర్వాసన. ఆ కాండం చనిపోయింది. అయితే లక్కతాళం గుబురుగా పెరిగే జాతి. ఒకే మొదలు నుండి పిలకలు వేస్తుంది. పారవేయడానికి మనసొప్పక తొట్టిని ఒక మూలన ఉంచాను. తొలకరి తరువాత ప్రక్కన రెండు పిలకలు తలయెత్తాయి. తాటికి, కొబ్బరికి లేని అవకాశం దీనికి ఉన్నదని ఆనాడు తెలిసింది.

విద్యార్థులకు మనవి

సుమత్రా, బోర్నియోలలోని చిత్తడి అడవులు ఎంతో మేర ఆయిల్‌పామ్ తోటలకై నరకబడినాయి. ఒక తాళవృక్షం కొరకు మరొక తాళవృక్షం పుట్టిల్లు కోల్పోతున్నది. మన తొట్టిలోని మొక్క ఆ అడవికి బదులు కాజాలదు. కాని దానిని చలి నుండి కాపాడినవాడు అడవి విలువను పుస్తకం చదివినవానికంటె బాగా ఎరుగుతాడు.

కనుక కళాశాల కమిటీ పెద్దలు మన ఉద్యానంలో ఒక కనిష్ఠ ఉష్ణమాపకం ఏర్పాటు చేయించవలెనని, విద్యార్థులు నర్సరీలో పెంచిన మొక్కనొకటి నాటి, ప్రతి ఉదయం ఉష్ణోగ్రతను, మొక్క స్థితిని పుస్తకంలో వ్రాయవలెనని కోరుతున్నాను. మొక్క బ్రతికితే కళాశాలకు శోభ. ఒకవేళ చనిపోయినా, అది ఏ రాత్రి, ఎందువలన చనిపోయినదో చెప్పగల విద్యార్థులు మనకు మిగులుతారు.