ఈ కారు ఏ ఊరిది?

మా బాబాయి నాగారంలో ఉంటాడు. ఇన్నేళ్లూ స్కూటీ మీదే చర్లపల్లికి డ్యూటీకి పోయొచ్చిన మనిషి, ఈమధ్య ఎలక్ట్రిక్ కారు కొంటానన్నాడు. ఒకటే షరతు: "మనదే కొనాలెరా, పైసలు బయటికి పోవద్దు." నేను కియా క్యారెన్స్ క్లావిస్ ఈవీ పేరెత్తగానే "అది కొరియా బండి" అని కొట్టిపారేశాడు. ఆ మాట హాస్టల్లో చెప్తే నా రూమ్మేట్‌కి కోపమొచ్చింది. వాడిది పెనుకొండ. "ఏమప్పా, మా అన్న షిఫ్టుల్లో నిలబడి బిగించే బండి కొరియాది ఎట్లయితుంది?"

ఇద్దరిదీ నిజమే అనిపించింది. అందుకే కూర్చుని లెక్క తీశాను.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరింది. 2019లో సెల్టోస్ బయటికొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ప్లాంటు అది. (పేపర్లు ఇప్పటికీ అనంతపురం ప్లాంటనే రాస్తాయి. 2022లో కొత్త జిల్లాలొచ్చాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. అడుగు కదలకుండానే అడ్రసు మారింది!) 2022లో కియా ఇక్కడ అమ్మకానికి పెట్టిన ఈవీ6 దిగుమతి బండి. 2025 జూలైలో వచ్చిన క్లావిస్ ఈవీ మాత్రం ఎర్రమంచిలోనే తయారవుతోంది. లోగో ఒకటే, పుట్టుక వేరు. కాబట్టి లోగో చూసి తేల్చడం కుదరదు.

యజమానిని చూసి తేలుద్దామా? జాగ్వార్ ల్యాండ్ రోవర్ 2008 నుంచి టాటాలది. ఇంగ్లండ్‌లో బిగించిన రేంజ్ రోవర్‌ని 'స్వదేశీ' అంటే బాబాయే నవ్వుతాడు.

మరి సర్కారు ఎలా చూస్తుంది? ప్రభుత్వ కొనుగోళ్లలో స్వదేశీ సరుకుకి ప్రాధాన్యం ఇవ్వాలని 2017లో ఒక ఉత్తర్వు ఉంది. అందులో కొలబద్ద బ్రాండ్ కాదు. సరుకు విలువలోంచి దిగుమతి భాగం తీసేసి, మిగిలింది ఎంత శాతమో చూస్తారు. 50 గానీ అంతకు మించి గానీ ఉంటే మొదటి తరగతి, 20 నుంచి 50 లోపైతే రెండో తరగతి.

ఊరికే ఊహకి, పన్నులు కాకుండా కారు విలువ 100 రూపాయలనుకుందాం. బ్యాటరీ సెల్స్‌కి 25, మోటార్ అయస్కాంతాలు, చిప్స్ వగైరాలకి 10 బయటికి పోయాయి. మిగిలింది 65. మొదటి తరగతి! ఇప్పుడు కొరియా లోగో పీకి మన లోగో అతికించండి. అప్పుడూ 65 మాత్రమే. మన దేశంలో తిరిగే ఎలక్ట్రిక్ కార్లకి, అచ్చ దేశీ కంపెనీలవాటికి కూడా, ప్యాక్ ఇక్కడ బిగించినా లోపలి సెల్స్ ఎక్కువగా చైనావే. 2019లో మన ఆర్టీసీ హైదరాబాద్‌లో తిప్పిన 40 ఎలక్ట్రిక్ బస్సులూ అంతే: ఒలెక్ట్రా మన ఊరి కంపెనీ, సాంకేతికత చైనా బీవైడీది.

నాకు ఇక్కడ మిరపకాయ గుర్తొచ్చింది. అది పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిన పరాయి సరుకే. ఇవాళ గుంటూరు మిర్చిని ఎవడైనా విదేశీ అంటే తన్నులు తింటాడు. మన రైతు కాయ కొనుక్కుని ఊరుకోలేదు, విత్తనం చేతిలో పెట్టుకున్నాడు. ఈవీకి విత్తనం సెల్. 2025 ఏప్రిల్‌లో చైనా అయస్కాంతాల ఎగుమతి బిగించేసరికి స్వదేశీ, విదేశీ అని లేకుండా ఇక్కడి కంపెనీలన్నీ కంగారుపడ్డాయి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా 2023లో సెల్స్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. క్లావిస్ మనదా కాదా అన్నదానికంటే ఆ ఫ్యాక్టరీ సంగతే నాకు పెద్ద ప్రశ్న. రేపు మనలో కొందరం ఉద్యోగం వెతుక్కునేదీ అక్కడే కదా.

నా లెక్కలో రూమ్మేట్‌కి ఎక్కువ మార్కులు పడ్డాయి: జీతం, విడిభాగాలు, పన్ను ఇక్కడే ఉంటాయి. లాభం మాత్రం యజమానిది, అక్కడ బాబాయి కరెక్టు.

మొన్న ఆదివారం బాబాయితో షోరూముకి వెళ్లాను. ఆయన టైర్లు తట్టలేదు, సీటు నొక్కలేదు. "సెల్ ఎక్కడిది బాబూ?" అనడిగాడు. సేల్స్ కుర్రాడు నవ్వి, ఎవరికో ఫోన్ చేయడానికి లోపలికి పోయాడు. మేమిద్దరం చాయ్ తాగేదాకా బయటికి రాలేదు.