సముద్రాన్ని ఆలకించిన విమానం

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రదర్శనశాలలోని వస్తువు మౌనంగా ఉంటుంది. దానిని ఎవరు, ఎందుకు, ఎట్టి పరిస్థితులలో ఉపయోగించారో తెలిసినప్పుడు అది చరిత్రను చెబుతుంది. విశాఖపట్నంలోని టీయూ-142 విమాన ప్రదర్శనశాలలో ఉన్న కొన్ని పరికరాల ద్వారా విజ్ఞానశాస్త్రానికీ, మానవ ప్రాణరక్షణకూ గల సంబంధాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మ్యూజియం అనగానే శిల్పాలు, శాసనాలు, నాణేలు గుర్తుకు వస్తాయి. విజయవాడలోని బాపు మ్యూజియంలో బౌద్ధ శిల్పాలను చూసిన విద్యార్థికి అలా తోచడం సహజమే. కాని వస్తువుకు విలువ ప్రాచీనత వల్లనే కలగదు. అది నిర్వహించిన బాధ్యత వల్ల కూడా కలుగుతుంది. విజయవాడకు సుమారు 350 కిలోమీటర్ల దూరంలో, విశాఖపట్నం బీచ్ రోడ్డులో నిలిచి ఉన్న టీయూ-142 విమానం ఇందుకు నిదర్శనం.

ఇది సోవియట్ యూనియన్‌లో తయారైన నౌకాదళ విమానం. సముద్రంపై నిఘా ఉంచడం, నీటి అడుగున దాగిన జలాంతర్గాములను కనిపెట్టడం దీని విధి. ఈ తరగతి విమానాలు 1988లో భారత నౌకాదళంలో చేరాయి. మొదట గోవా నుండి, 1992 తరువాత తమిళనాడులోని అరక్కోణం స్థావరం నుండి పనిచేశాయి. 29 సంవత్సరాల సేవ అనంతరం 2017 మార్చి 29న విరమించాయి. వాటిలో ఒకటి ఆ ఏప్రిల్‌లో విశాఖపట్నానికి ఎగిరి వచ్చింది. దానిని భాగాలుగా విడదీసి, రోడ్డు మార్గాన సముద్రతీరానికి చేర్చి, తిరిగి కూర్చారు. 2017 డిసెంబరు 7న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రదర్శనశాలను ప్రారంభించారు.

దీనికి ఎదురుగా, రోడ్డుకు ఆవలి వైపున కురుసుర జలాంతర్గామి ఉంది. అది 1969 నుండి 2001 వరకు దేశానికి సేవ చేసింది. ఒకటి నీటి అడుగున దాగడానికి నిర్మితమైనది. మరొకటి అలా దాగినదానిని వెదకడానికి నిర్మితమైనది. రెండూ ఒకే దేశంలో రూపొంది, ఒకే నౌకాదళంలో పనిచేసి, నేడు ఎదురెదురుగా విశ్రాంతి తీసుకుంటున్నాయి.

ప్రొపెల్లర్లు

సందర్శకుల చూపు మొదట ప్రొపెల్లర్లపై పడుతుంది. ఈ విమానానికి నాలుగు ఇంజన్లు. ఒక్కొక్క ఇంజనుకు ముందొకటి, వెనుకొకటిగా రెండు ప్రొపెల్లర్లు ఉంటాయి. అవి పరస్పరం వ్యతిరేక దిశలలో తిరుగుతాయి. ముందరి ప్రొపెల్లర్ గాలిని వెనుకకు నెట్టేటప్పుడు ఆ గాలి సుడి తిరుగుతుంది. ఆ సుడిలో కొంత శక్తి వృథా అవుతుంది. వెనుకటి ప్రొపెల్లర్ ఎదురు దిశలో తిరిగి సుడిని సరిచేసి, ఆ శక్తిని కూడా విమానాన్ని ముందుకు నడపడానికి వినియోగిస్తుంది. సముద్రంపై గంటల తరబడి తిరగవలసిన విమానానికి ఈ పొదుపు ఎంతో అవసరం.

నీటిలో చెవి

ప్రొపెల్లర్లంత ఆకర్షణ లేకున్నా, ఈ విమానపు అసలు కథను చెప్పేవి సోనోబాయ్‌లు. ఇవి చూడడానికి పొడవైన గొట్టాల వలె ఉంటాయి. రేడియో తరంగాలు సముద్రజలంలో ఎక్కువ దూరం పోలేవు. ధ్వని అలా కాదు. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు సాగే ధ్వని, సముద్రజలంలో సుమారు 1,500 మీటర్లు సాగుతుంది. అందుచేత సముద్రగర్భాన్ని తెలుసుకోవాలంటే చూడడం కన్న వినడమే మేలైన మార్గం.

విమానం నుండి జారవిడిచిన సోనోబాయ్ చిన్న పారాచూట్ సాయంతో నీటిపైకి దిగుతుంది. దాని పైభాగం నీటిపై తేలుతుంది. తీగకు కట్టిన మైక్రోఫోన్ లోతుకు దిగి చప్పుళ్లను గ్రహిస్తుంది. తేలే భాగం ఆ ధ్వనులను రేడియో ద్వారా విమానానికి పంపుతుంది. అనేక సోనోబాయ్‌లు వినిపించిన ధ్వనులను పోల్చి, జలాంతర్గామి ఉన్న చోటును నిర్ణయిస్తారు. అలల రొదలో, చేపల చప్పుళ్లలో, వర్తక నౌకల మోతలో ఒక యంత్రం ధ్వనిని వేరుచేసి గుర్తించడానికి యంత్రంతోపాటు మనిషికీ ఓర్పు, శిక్షణ ఉండాలి.

బ్లాక్ బాక్స్

ఈ విమానంలోని సమాచార నమోదు పరికరం కూడా ప్రదర్శనలో ఉంది. ఇట్టి పరికరాలనే బ్లాక్ బాక్స్ అంటారు. పేరుకు నలుపే గాని, శకలాలలో సులువుగా కనిపించడానికి వీటికి సాధారణంగా నారింజ రంగు వేస్తారు. విమానం వేగాన్ని, ఎత్తును, దిశను ఒక పరికరం నమోదు చేస్తుంది. పైలట్ల సంభాషణను మరొకటి నమోదు చేస్తుంది.

కృష్ణా డెల్టా వాసులకు ఈ పరికరం ఒక విషాదాన్ని గుర్తు చేస్తుంది. తెనాలి ప్రాంతంలోని యలవర్రులో 1922లో జన్మించిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ తోళ్ల పరిశ్రమను శాస్త్రీయ పద్ధతులలో తీర్చిదిద్దిన శాస్త్రవేత్త. 1985 జూన్ 23న కెనడా నుండి వస్తున్న ఎయిర్ ఇండియా కనిష్క విమానం ఐర్లండ్ సమీపాన అట్లాంటిక్ సముద్రంలో కూలిపోయింది. మరణించిన 329 మందిలో ఆయన ఒకరు.

ఆ విమానపు బ్లాక్ బాక్స్‌లు సుమారు 2,000 మీటర్ల లోతున పడిపోయాయి. వాటికి అమర్చిన చిన్న పరికరాలు మానవుల చెవికి అందని ధ్వని సంకేతాలను పంపుతూనే ఉన్నాయి. అన్వేషకులు ఆ ధ్వనిని ఆలకించి, జూలైలో యంత్రహస్తాల సాయంతో వాటిని వెలికితీశారు. రెండింటిలోనూ నమోదు ఒక్కసారిగా ఆగిపోయి ఉంది. బాంబు పేలుడే ఈ ఘోరానికి కారణమని విచారణ సంఘం నిర్ధారించింది. మాటలు ఆగిన క్షణం కూడా సాక్ష్యమైంది. శత్రువును వెదికే విద్య, సత్యాన్ని వెదికే విద్య రెండూ నీటిలో ధ్వనిని వినడంపైనే ఆధారపడటం గమనింపదగినది.

జరగని కథ

ప్రాణరక్షణ సామగ్రిని సందర్శకులు త్వరగా దాటిపోతారు. కాని మచిలీపట్నం, నాగాయలంక తీరాల నుండి వేటకు వెళ్లే మత్స్యకారునికి లైఫ్ జాకెట్ విలువ చెప్పనవసరం లేదు. భారత నౌకాదళంలో టీయూ-142 విమానాలు ప్రమాదరహితంగా 30,000 గంటలు ఎగిరాయి. ప్రమాదం జరిగితే వార్త అవుతుంది. జరగకపోతే ఎవరూ వ్రాయరు. ప్రతి మరనూ పరీక్షించిన సాంకేతిక సిబ్బంది, ప్రతి ధ్వనినీ శ్రద్ధగా విన్న పరిశీలకులు, తొందరపడని పైలట్లు కలిసి సాధించిన ఫలితం అది. విరమించిన విమానాన్ని తుక్కుగా మార్చక భద్రపరచడంలోని సార్థకత, ఆ పేరు తెలియని శ్రమను రాబోయే తరాలకు గుర్తు చేయడంలోనే ఉంది.

కఠిన పదాలకు అర్థాలు

ఆలకించు = శ్రద్ధగా విను
నిదర్శనం = ఉదాహరణ
జలాంతర్గామి = నీటి అడుగున సంచరించే నౌక
శకలం = ముక్క
అన్వేషకుడు = వెదకేవాడు
తుక్కు = పనికిరాని లోహపు ముక్కలు

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. ‘మ్యూజియంలోని వస్తువు విలువ అది నిర్వహించిన బాధ్యత వల్ల కూడా కలుగుతుంది.’ పాఠం ఆధారంగా వివరించండి.

ఆ. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. సోనోబాయ్ పనిచేసే విధానాన్ని తెలపండి.
2. కనిష్క విమాన దుర్ఘటన విచారణకు బ్లాక్ బాక్స్‌లు ఎలా తోడ్పడ్డాయి?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. టీయూ-142 విమానాలు భారత నౌకాదళంలో ఏ సంవత్సరంలో చేరాయి?
2. నాయుడమ్మ జన్మస్థలం ఏది?