పంపు దించే ముందు

నార్సింగి



నీ పాత ట్రావెలర్ పొద్దున షిఫ్టుకు తీసేటప్పుడు చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ అందుకోవడం లేదని, వేడెక్కాక మాత్రం అందుకుంటోందని, ఔటర్ రింగ్ రోడ్డు ర్యాంపు ఎక్కేటప్పుడు ఊపు పోతోందని, షెడ్డులో చూసీ చూడగానే ‘ఇంజెక్షన్ పంపు పోయింది, దించాలి’ అన్నారని రాశావు. నా మాట ఒక్కటే బిడ్డా: శుభ్రమైన డీజిలు, గాలీ నీళ్లూ కలవకుండా, సరిపడా పంపు ముంగిట్లోకి వస్తోందని తేలేదాకా పంపు మీద నేరం మోపకు. టాంకీ నుంచి పంపు దాకా ఉన్నదంతా రబ్బరు పైపులు, వాషర్లు, ఫిల్టర్లు. అక్కడ తప్పు దొరికితే ఖర్చు తక్కువ. పంపు నుంచి నాజిల్ దాకా ఉన్నదేదీ చవక కాదు. అందుకే మొదటి వైపు పూర్తిగా వెతికాకే రెండో వైపు పానా పెట్టాలి. పిసినారితనంతో చెబుతున్న మాట కాదిది. ఆ ఇంజిను పనిచేసే తీరే అలా ఉంటుంది.

నీ బండిలో ఉన్నది మెర్సిడెస్ ఓఎం 616 కుదురుకు చెందిన ఇంజిను: 2.4 లీటర్లు, నాలుగు సిలిండర్లు, కంప్యూటర్ ఊసే లేని పంపు. బజాజ్ టెంపో 2005లో ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకోకముందు నుంచీ ట్రావెలర్లను లాగినవి ఈ జాతి ఇంజిన్లే. ఇందులో డీజిలు టాంకీలోంచి తనంత తాను పైకి రాదు, ఫీడ్ పంపు పీల్చుకుంటుంది. పీల్చే పైపుకు చిల్లు పడితే డీజిలు బయటికి కారడానికి బదులు బయటి గాలి లోపలికి పోతుంది. ‘కింద బొట్టు కూడా పడలేదు, లీకు లేదు’ అని తీర్పు చెప్పేవాళ్లు ఇక్కడే పొరబడతారు. బండి రాత్రంతా ఆగితే ఆ చిల్లులోంచే గాలి దూరి, పైపులోని డీజిలు టాంకీకి జారిపోతుంది. ఇక గాలి చేసే చేటు సంగతి చూడు. ఇంజెక్షన్ పంపు ఒక్కో దెబ్బకు నెట్టేది చుక్కెడు డీజిలే. నాజిల్ తెరుచుకోవడానికి వంద బార్లకు పైగా ఒత్తిడి కావాలి. డీజిలు దాదాపు నలగదు, గాలి నలుగుతుంది. పంపు లోపలి ప్లంజర్ తోసిన తోపంతా ఆ బుడగను నలపడానికే సరిపోతే నాజిల్ తెరుచుకోదు. పంపు నిక్షేపంగా ఉన్నా, చచ్చిన పంపు లక్షణాలన్నీ కనిపిస్తాయి.

కాబట్టి రుజువులు వరసగా రాబట్టు. పొద్దున సెల్ఫ్ కొట్టకముందే చేతి ప్రైమర్ గట్టిపడేదాకా కొట్టు. ఆ తర్వాత బండి టక్కున అందుకుంటే, రాత్రి డీజిలు వెనక్కి జారిందన్నమాట. ఫిల్టరుకూ పంపుకూ మధ్య మూరెడు పారదర్శక పైపు తాత్కాలికంగా పెట్టు. ఇంజిను నడుస్తుండగా అందులో బుడగలు తెగకుండా వస్తుంటే గాలి ఎక్కడో దూరుతోంది. తర్వాత శుభ్రమైన డబ్బాలో వడగట్టిన డీజిలు పోసి, సైలెన్సర్ వేడికి దూరంగా, గట్టిగా కట్టి, సప్లై పైపూ రిటర్న్ పైపూ అందులోనే పెట్టి నడిపించు. బండి బాగుపడితే దోషం టాంకీలోనో, లోపలి జల్లెడలోనో, పైపులోనో ఉన్నట్టు. ఒక్క జాగ్రత్త: డబ్బా పంపు కంటే ఎత్తున ఉంటే డీజిలు తన బరువుతోనే దిగుతుంది, గాలి దూరే చిల్లు దాగిపోతుంది. పంపు కంటే కిందా పెట్టి చూడు. టాంకీ మూత వదులు చేస్తే ఊపు తిరిగొచ్చిందా, గాలాడే రంధ్రం మూసుకుంది. ఫిల్టరు అడుగున తీసిన డీజిలును గాజు సీసాలో కాసేపు నిలబెట్టు, నీళ్లుంటే అడుక్కు చేరతాయి. పొగను కూడా సాక్షిగా పిలువు. సెల్ఫ్ కొడుతున్నా పొగే రాకపోతే సిలిండర్లోకి డీజిలు అందడం లేదు. తెల్లపొగ దట్టంగా వస్తే అందుతోంది గానీ మండడం లేదు, హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్, టైమింగ్ చూడాలి. ఎత్తు మీద నల్లపొగతో ఈడిస్తే ముందు ఎయిర్ ఫిల్టరు, తర్వాత నాజిళ్లు. పొగ లేకుండానే నీరసిస్తే డీజిలు చాలడం లేదు.

‘పక్కవాడి బండికి పంపు మారిస్తేనే నయమైంది కదా’ అంటావు. పంపు దించి ఎక్కించేటప్పుడు ఇంకేమేం జరుగుతాయో లెక్కపెట్టు. పైపులు విప్పుతారు, కాపర్ వాషర్లు కొత్తవి వేస్తారు, ఫిల్టరు మారుస్తారు, ఎయిర్ తీస్తారు. వాటిలో ఏది బండిని బాగు చేసిందో ఎవరు చెప్పగలరు? ఒకేసారి అయిదు మందులిచ్చి, అన్నిటికంటే ఖరీదైనదే పనిచేసిందనడం వైద్యం కాదు. ఒకసారికి ఒకటే మార్చు, మార్చాక నడిపి చూడు.

ఇంకో వాదనా వినిపిస్తుంది, కొత్త డీజిలే పాత పంపులను తినేస్తోందని. అందులో కొంత నిజం ఉంది. డీజిల్లో గంధకం పరిమితి బీఎస్-3 (భారత్ స్టేజ్) ప్రమాణంలో 350 పీపీఎం. హైదరాబాద్‌కు 2010లో బీఎస్-4 వచ్చినప్పుడు అది 50కి, 2020 ఏప్రిల్లో బీఎస్-6తో 10కి దిగింది. గంధకం తీసే శుద్ధిలో డీజిలుకున్న జారుడు గుణం కూడా తగ్గుతుంది. అందుకే ఆ గుణానికి విడిగా ప్రమాణం పెట్టి, మందు కలిపి సరిచేసి అమ్ముతారు. శుద్ధిలో మారిన డీజిలుకు పాత రబ్బరు సీళ్లు కుంచించుకుపోవడం కూడా తెలిసిన సంగతే. సీలు కుంచించుకుంటే ఏమవుతుంది? గాలి దూరుతుంది. అంటే ఈ వాదన కూడా చివరికి చవక వైపే వేలు చూపిస్తోంది.

‘షిఫ్టు టైము ముంచుకొస్తుంటే ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి’ అనడం న్యాయమే. కానీ ఈ పరీక్షలన్నీ కలిపినా ఒక పూట పని. పంపు దిగితే బండి రోజుల తరబడి షెడ్డులోనే ఉంటుంది. ‘కొత్త బళ్లకు స్కానర్ ఉందిగా, ఈ పాత విద్య దేనికి’ అన్నా జవాబుంది. వాటి కామన్ రైల్లో, అంటే నాజిళ్లన్నిటికీ డీజిలు పంచే గొట్టంలో, ఒత్తిడి తక్కువుందని స్కానర్ చెబుతుంది. ఫిల్టరు మూసుకుని తగ్గిందో, గాలి దూరి తగ్గిందో మనిషే వెతకాలి. ఒక్క తేడా మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. నీ పాత ఇంజిన్లో ఒక్కో నాజిల్ పైపు నట్టు కొద్దిగా వదులు చేసి, శబ్దం మారని సిలిండరును పట్టుకోవచ్చు. ఆ నాజిల్‌ను పక్క సిలిండరుకు మార్చినప్పుడు జబ్బు దానితోపాటు వెళ్తే నాజిల్‌ది, వెళ్లకపోతే కంప్రెషన్‌ది లేదా ఆ పైపుకు డీజిలు నెట్టే ప్లంజర్‌ది. కామన్ రైల్లో ఒత్తిడి 1,600 బార్ల దాకా, కొన్నిట్లో అంతకంటే పైకీ పోతుంది. నడుస్తున్నప్పుడు దాని నట్టు విప్పితే ఆ ధార చర్మాన్ని చీల్చుకుని పోతుంది. పాత నాజిల్ ధారకైనా చెయ్యి అడ్డం పెట్టకు.

మరి పంపుకు ఎప్పుడూ జబ్బు చేయదా? చేస్తుంది. ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. అది అరిగితే, వేడెక్కి పలచబడ్డ డీజిలు ఆ సందులోంచి వెనక్కి తప్పించుకుంటుంది. అప్పుడు పొద్దున చల్లగా బాగానే అందుకున్న ఇంజిను, మధ్యాహ్నం వేడిగా ఆపాక మొరాయిస్తుంది. నీ బండి దీనికి తలకిందులు: వేడిగా ఉంటే అందుకుంటోంది, రాత్రి నిలిస్తేనే సతాయిస్తోంది. నువ్వు రాసిన లక్షణాలే పంపు తరఫున సాక్ష్యం చెబుతున్నాయి. పారదర్శక పైపులో బుడగ లేకుండా, నాజిళ్లు టెస్టింగ్‌లో పాసై, ఆ పైనా జబ్బు మిగిలితే అప్పుడు దించు, నేను అడ్డు చెప్పను. ఈలోగా రేపు పొద్దున సెల్ఫ్ ముట్టకముందు ప్రైమర్ కొట్టి, ఏమైందో నాకు రాయి.

ఇట్లు,
మీ పెద్దనాన్న